భ్రమరాంబ గురువారాలు

చలమయ్య చేసిన గేటు గేటే. ఆ మాట ఆయనే అంటాడు, వినేవాళ్లు ఎవరూ దొరక్కపోతే పొద్దున్నే కాఫీ గ్లాసుతోనైనా అంటాడు. పూర్ణా మార్కెట్ వెనక సందులో కింద వెల్డింగ్ షాపు, పైన ఇల్లు. గేట్లు, కిటికీ గ్రిల్సు, బాల్కనీ కటకటాలు. ఇరవై రెండేళ్లుగా అదే పని, అదే పొగరు. పొగరని ఆయన భార్య భ్రమరాంబ ఏనాడూ అనలేదు గానీ మనం అనుకుంటే తప్పు లేదు.

ఆ బుధవారం పొద్దున్న కూతురు ఆశాజ్యోతి వంటింటి గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని నిలబడింది. పాలిటెక్నిక్ చదివి, రెండేళ్లుగా నాన్న షాపులో కొలతలూ ఎస్టిమేట్లూ ఆ పిల్లే చూస్తోంది. చిన్న పనివాళ్లకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపుకి దరఖాస్తు నింపుతోంది. పేరు జాబితాలో ఎక్కుతుంది, షాపుకి బోర్డు ఇస్తారు. అందుకు బదులు చేసిన పనికి రాతమూలకంగా గ్యారంటీ ఇవ్వాలి, ఎవరైనా ఫిర్యాదు చేస్తే పదిహేను రోజుల్లో తేల్చాలి.

“నా పని బాగుందని సర్కారోడు సెప్పాలేటే?” అన్నాడు చలమయ్య, నాలుగోసారి.

“నువ్వు బాగా చేస్తావని పూర్ణా మార్కెట్‌కి తెలుసు నాన్నా. సబ్బవరానికి తెలీదు కదా. అక్కడ కొత్త కాలనీలో నలభై ఇళ్ల గ్రిల్సు, గుర్తింపు ఉన్నోళ్లకే ఇస్తామన్నారు. ఈరోజే ఆఖరు.”

నలభై ఇళ్లు అనేసరికి ఆయన కుర్చీ దగ్గరకి జరుపుకున్నాడు. “సర్లే. ఏటడుగుతన్నాడు?”

“ఐదేళ్లలో వచ్చిన ఫిర్యాదులు ఎన్ని?”

“సున్నా. పెద్దగా కనబడేటట్టు రాయి.”

పొయ్యి దగ్గర ఉప్మా కలుపుతున్న భ్రమరాంబ చెయ్యి ఆగింది. “వద్దే జ్యోతీ. మనకెందుకా కాయితాలు? ఉన్న పని సాలదా?”

తల్లీకూతుళ్ల మధ్య ఈ గొడవ వారం రోజులుగా నడుస్తోంది. వద్దంటే వద్దంటుంది గానీ ఎందుకో చెప్పదు. అసలు ఆ ఇంట్లో వద్దనాల్సిన మనిషి చలమయ్య. ఆయనే ఒప్పుకున్నాక ఈవిడకేమిటి బాధ అని ఆశాజ్యోతికి ఒళ్లు మండింది.

“పాత కస్టమర్ల నంబర్లు మూడు ఇవ్వాలి నాన్నా. వాళ్లని ఫోన్ చేసి అడుగుతారు.”

“పెదవాల్తేరు ఇంద్రజ టీచరమ్మ గారిది రాయి. ఆరి గేటు సేసి అయిదేళ్లు. సూడ్డానికి జనం ఆగేవోరు.”

“ముందు ఆవిణ్ని ఓ మాట అడగాలి” అని ఆశాజ్యోతి ఫోన్ కలిపి, నాన్న కూడా వింటాడని స్పీకర్ పెట్టింది. భ్రమరాంబ గరిటె వదిలేసి గబగబా వచ్చింది గానీ అప్పటికే అవతల ఎత్తేశారు.

“చలమయ్య గారి అమ్మాయివా? చెప్పమ్మా. అమ్మ రేపు వస్తున్నట్టే కదా? ఈ ఏడు గేటు కింది భాగమంతా మళ్లీ తుప్పు పట్టింది. పోయినేడు ఆవిడ ఎండలో కూర్చుని రుద్ది, రంగు వేసి వెళ్లారు. మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టుకోలేదు. ఈసారి ఆటో డబ్బులైనా తీసుకోమని చెప్పు.”

ఆశాజ్యోతి తల్లి వైపు చూసింది. ఎలాగో దరఖాస్తు సంగతి చెప్పింది.

“నంబరు ఇవ్వమ్మా, దానికేముంది. అలాంటి మనిషి ఉన్న షాపు గురించి నేను మంచే చెప్తాను” అని టీచరమ్మ పెట్టేసింది.

ఉప్మా మాడుతున్న వాసన వస్తోంది. ఆశాజ్యోతి పొయ్యి కట్టేసింది.

ప్రతి గురువారం భ్రమరాంబ బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వెళ్తుంది. అక్కడ అమ్మవారికి పసుపూ కుంకుమా మన చేత్తోనే పెట్టుకోవచ్చు. అందుకే ఆవిడ వేళ్లు ఎర్రగా ఉంటే ఇంట్లో ఎవరూ ఎందుకని అడగలేదు.

“గుడికని సెప్పి గేట్లకి రంగులేత్తన్నావా?” చలమయ్య గొంతు పెద్దగా లేదు. అదే భయం.

“గుడికీ ఎల్తన్నాను. దండం పెట్టుకున్నాకే ఎల్తన్నాను.”

“ఎంతమందికి?”

“ఈ అయిదేళ్లలోనా? పెదవాల్తేరు, లాసన్స్ బే, జాలారిపేట… ఆ సముద్రం వైపంతా. ఇరవై మందికి తక్కువుండరు.”

“నాకెందుకు సెప్పలేదు?”

“సెప్పాను. ఒక్కపాలి సెప్పాను.” భ్రమరాంబ ఈసారి తల దించలేదు. “అప్పుడు జ్యోతి రెండో కలాసు సదువుతంది. ఎల్లారావు గారి గేటు తుప్పట్టిందని ఫోనొచ్చింది. మీరేటి సేసారు? గేటు పీకి ఒట్టుకొచ్చీసారు. డబ్బులు ఆరి మొకాన కొట్టీసారు. రెండ్రోజులు కూడు ముట్టలేదు. మూడోనాడు షాపు మూసీసి కొత్తవలస ఎల్లిపోదామన్నారు. మరి నానేటి సెయ్యాలి? ఆ తర్వాత బోర్డు మీద నా నంబరు రాయించాను. ఎవరేటన్నా నన్నే అంటారని.”

చలమయ్య ల్యాప్‌టాప్ మూత దగ్గరకి చెయ్యి చాపాడు. “కట్టీ. ఏ గుర్తింపూ వద్దు. ఇరవై రెండేళ్లు తల ఎగరేసుకు తిరిగాను. నలుగురూ ఎనకాల నవ్వుకుంటన్నారన్నమాట.”

“నాన్నా, చెయ్యి తియ్యి.” ఆశాజ్యోతి మూత పట్టుకుంది. “ఎవరూ నవ్వలేదు. అమ్మ నవ్వనివ్వలేదు. ఒకటడుగుతాను చెప్పు. తుప్పు పట్టకుండా రంగుకి ముందు ఆ ఎర్ర పూత వేస్తావు కదా, ఎన్నిసార్లు వేస్తావు?”

“ఒకసారి. మా గురువు ఒక్కసారే ఏయించీవోడు.”

“మీ గురువు షాపు ఎక్కడ?”

“కొత్తవలస…” అన్నాడు చలమయ్య. ల్యాప్‌టాప్ మీంచి చెయ్యి తీసేశాడు.

కొత్తవలసలో సముద్రం లేదు. ఉప్పు గాలి లేదు. అక్కడ నేర్చుకున్న పూతనే ఇరవై రెండేళ్లుగా సముద్రం ఎదురింటి గేట్లకీ వేస్తున్నాడు. తప్పని చెప్పినవాళ్లు లేరు. చెప్పాలని వచ్చిన ప్రతి మాటా మేడ మెట్ల దగ్గరే ఆగిపోయింది.

“నాకు తెలిసుంటే రెండో పూత ఏసీసేవోణ్ణి కదే” అన్నాడు భార్యతో, చాలా మెల్లగా.

ఆ మాటకి భ్రమరాంబ కూలబడిపోయింది. ఆయన పేరు కాపాడుతున్నాననే ఇన్నేళ్లూ అనుకుంది. పని నేర్చుకునే దారి కూడా తనే మూసేశానని ఆ క్షణంలో తెలిసొచ్చి భోరున ఏడ్చింది. “మీరు కూడు మానేత్తే సూళ్లేక సేసాను. అంతే. నాకింకేటీ తెలీదు.”

చలమయ్య ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆవిడ చెయ్యి తీసుకుని తిరగేసి చూశాడు. గరుకు కాగితంతో తుప్పు రుద్ది రుద్ది వేళ్ల చివర్లు అరిగిపోయి ఉన్నాయి. అది తన దుకాణంలో పనివాళ్ల చెయ్యి. అన్నేళ్లు పక్కనే ఉన్న చేతిని తను చూడనేలేదని ఆయనకి సిగ్గేసింది, కళ్లు నిండిపోయాయి.

“సున్నా కొట్టీ జ్యోతీ. ఇరవై అని రాయి.”

“ఇరవై అంటే గుర్తింపు ఇవ్వకపోవచ్చు నాన్నా.”

“మానీమను. సబ్బవరం పోతే పోయింది. సున్నా అని నాను సంతకం పెట్టలేను. ఏటి సేసారని అడిగితే, మా ఇంటిది ఎల్లి బాగుసేసింది, ఇకనుంచి రెండు పూతలేత్తామని రాయి. గ్యారంటీ కాయితం అందరికీ ఇద్దాం. ఇరవై మందికీ ముందు ఇద్దాం.”

ఆశాజ్యోతి కళ్లు తుడుచుకుంటూ టైపు చేసింది. ఆఖరి గడి చదివింది. “షాపు తరఫున ఫిర్యాదులు తీసుకునే మనిషి ఎవరు?”

“మీ అమ్మ పేరు రాయి.”

“నాకేటి తెలుసండీ ఇయన్నీ?” భ్రమరాంబ కంగారుపడింది.

“నీకు తప్ప ఎవరికి తెలుసు? పద్నాలుగేళ్లు సేసావు. కాపోతే ఇకమీద నాతో సెప్పాల. నాకు కోపమొచ్చినా సెప్పాల.”

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. “అయితే ఇప్పుడొకటున్నాది. లాసన్స్ బే అప్పలసూరి గారి బాల్కనీ గ్రిల్లు. నిన్న ఫోన్ సేసారు. ఎవరు సేసారమ్మా ఈ దిక్కుమాలిన పని అన్నారు.”

చలమయ్య చటుక్కున లేచాడు. మెడ నరాలు బిగిశాయి, చెవులు ఎర్రబడ్డాయి. ఆయన కిటికీ దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

“తుప్పు ఎక్కడట్టింది? అతుకుల కాడా, అడుగునా?”

అన్నేళ్లలో ఆయన ఆ మాట అడగడం అదే మొదలు. భ్రమరాంబ కళ్లు తుడుచుకుని, అతుకు అతుకునా ఎలా పట్టిందో చెప్పడం మొదలుపెట్టింది.