మొగ్గలు తుంచినవాడు

"మూడు నెలలుగా నీళ్ళు పోస్తున్నానండీ. ఆకులు తప్ప ఇంకేం లేవు. మీరు నాకు అమ్మింది పూలమొక్కా, ఆకుకూరా?"

నర్సరీ గేటు దాటుతూనే ఆమె అన్న మొదటి మాట ఇది. భుజానికి బ్యాగు, మెడలో ఆసుపత్రి ల్యాబ్ వాళ్ళ కార్డు, రెండు చేతుల మధ్య కుండీ. అందులో డయాంథస్ మొక్క నిక్షేపంగా ఉంది. ఆకు చూడగానే నాకు విషయం అర్థమైంది.

డయాంథస్‌లో రకాలు చాలా ఉన్నాయి. చైనా రకం నాటిన కొన్ని వారాలకే పూస్తుంది. స్వీట్ విలియం అలా కాదు. మొదటి ఏడాదంతా ఆకులు వేసుకుంటూ కూర్చుని, చలికాలం దాటాక రెండో ఏడాది గుత్తులుగా పూస్తుంది. నారు దశలో రెండిటినీ పోల్చుకోవడం కష్టం. అందుకే ప్రతి ట్రేలోనూ ఐస్‌క్రీమ్ పుల్ల మీద పేరు రాసి గుచ్చుతాం. ఆమె మొదటిసారి వచ్చి "తొందరగా పూసేది ఇవ్వండి" అన్న రోజు నేను ఆ పుల్ల చదవలేదు. చదవాల్సిన కళ్ళు వేరే పనిలో ఉన్నాయి.

"ఇది రెండో ఏడాది పూసే రకమండీ. పొరపాటు నాదే," అన్నాను.

"రెండో ఏడాదా? నా ఉద్యోగమే ఒక్క ఏడాది కాంట్రాక్టు. ఇంకో రెండు నెలల్లో వెళ్ళిపోతున్నాను."

నర్సరీ మా పిన్నిది. పైపు పట్టుకుని మొక్కలు తడుపుతున్నదల్లా ఇటు తిరిగింది. "మార్చి ఇస్తాడులేమ్మా. మొగ్గలున్న చైనా రకం పట్టుకెళ్ళు. మా వాడికి కళ్ళు నెత్తిమీదున్నాయి."

ఆమె కుండీని వెనక్కి లాక్కుంది. "వద్దండీ. ఇన్నాళ్ళు పెంచాను. ఇప్పుడు దీన్నిచ్చేసి ఇంకోటి ఎలా తీసుకెళ్తాను?"

ఆ మాటకి నేను పడిపోయాను. లేచే ఉద్దేశం కూడా కలగలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చేది. మొక్క బాగోగులు కనుక్కోవడానికని పేరు. వేళ్ళ దగ్గర నీళ్ళు నిలిస్తే డయాంథస్ కుళ్ళిపోతుందని, మట్టిలో గుప్పెడు ఇసుక, చిటికెడు సున్నం కలపాలని చెప్పాను.

"చిటికెడు అంటే ఎన్ని గ్రాములు?"

"చిటికెడంటే చిటికెడేనండీ."

"మీ వేళ్ళతోనా, నా వేళ్ళతోనా?"

జవాబు చెప్పడానికి ఆమె వేళ్ళు చూడాల్సి వచ్చింది. పిన్ని దగ్గింది.

చిగురు తుంచడం కూడా నేర్పాను. కణుపుకి కాస్త పైన బొటనవేలి గోటితో గిల్లేస్తే పక్క కొమ్మలు వేస్తుందని చెబితే, "పాపం, బాగా పెరుగుతున్నందుకా శిక్ష?" అంది. ముందు నా చేత గిల్లించి చూసి, తర్వాత తనే భయంభయంగా గిల్లింది.

చివరి ఆదివారం వాన పట్టుకుంది. మట్టి కలిపే రేకుల షెడ్డులోకి ఇద్దరం పరుగెత్తాం. చినుకుల మోతకి మాటలు వినపడక, కాసేపు ఊరికే నిలబడ్డాం. చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చి అక్కడే నానుతూ కూర్చుంది. వాన తగ్గేసరికి ఆమే మాట్లాడింది.

"నేను వెళ్ళాక దీన్ని చూసుకుంటారా? పూసినప్పుడు ఫోటో పంపండి."

"తప్పకుండా," అన్నాను. అంతే అన్నాను.

ఆమె ఊరు బస్సులో తొమ్మిది గంటల దూరం. అక్కడ ఇంకో ల్యాబ్‌లో చేరింది. ప్రతి ఆదివారం ఫోన్ వచ్చేది.

"పూసిందా?"

"ఇంకా లేదండీ."

"ఎప్పుడు పూస్తుందంటారు?"

"చలి తగ్గాక. ఎండలు ముదరకముందే పూసేస్తుంది."

మొక్క సంగతి రెండు నిమిషాలు. తర్వాత ల్యాబ్‌లో పగిలిన స్లైడ్ల సంగతి, పక్కింటివాళ్ళ కుక్క సంగతి, నా తలనొప్పి సంగతి మరో గంట. మిగతా ఆరు రోజులూ ఆ గంట కోసం ఎదురుచూడటమే నా పని. చెంబుతో నీళ్ళు పోస్తూ కుండీతో మాట్లాడేవాణ్ణి. నా మాటలు దానికి వినపడితే సిగ్గుతోనైనా ఎర్రబడేది.

ఆరు నెలలకి, ఒక శనివారం, కొమ్మ కొసన మొగ్గల గుత్తి కనిపించింది. సంతోషం రావాలి. భయం వచ్చింది. "పూసిందా?" అని అడగడానికే కదా ఆమె ఫోన్ చేస్తోంది. పూస్తే నేను ఫోటో పంపుతాను, ఆమె "చాలా బాగుంది, థాంక్స్" అంటుంది. ఆ తర్వాత ఆదివారాలు ఏం చేసుకోను?

చుట్టూ చూశాను. బొటనవేలి గోటితో గుత్తిని గిల్లేశాను.

"పూసిందా?" అంది మర్నాడు.

"లేదండీ." అబద్ధమేం కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పది రోజులకి పక్క కొమ్మ మొగ్గ వేసింది. దాన్నీ గిల్లేశాను.

ఒక బుధవారం పొద్దున మట్టి జల్లిస్తూ తలెత్తేసరికి ఆమె కుండీ ముందు గొంతుక్కూర్చుని ఉంది. జల్లెడ పట్టుకునే దగ్గరికెళ్ళాను.

"పక్క కుండీల్లో ఇదే రకం అన్నీ పూశాయి. దీనికేమైంది, చీడ పట్టిందా?" అంటూ కొమ్మ వంచి చూసింది. ఆమె వేలు కోత దగ్గర ఆగింది. "ఇది పురుగు పని కాదు. గోటితో గిల్లారు. కణుపుకి కాస్త పైన, మీరు నాకు నేర్పినట్టే."

నేను జల్లెడ కింద పెట్టాను.

"ఎందుకు?"

"పూస్తే మీరు ఇంక ఫోన్ చేయరని."

ఆమె లేచి చేతులు దులుపుకుంది. "ఎండలు ముదరకముందే అని మీరు చెప్పిన మాట పట్టుకుని, రెండు నెలల ముందే సెలవు అడిగాను. ఒక్క పువ్వు కోసం తొమ్మిది గంటలు బస్సులో ఎవరొస్తారండీ? పువ్వు వంకతో మనిషిని చూద్దామని వచ్చాను. ఆ మనిషి ఇన్ని వారాలుగా నన్ను మోసం చేస్తున్నాడని తెలిసింది."

మధ్యాహ్నం బస్సుకే తిరిగి వెళ్ళిపోయింది.

ఆదివారం ఫోన్ రాలేదు. ఆ పై ఆదివారమూ లేదు. నేను చేద్దామని నంబరు తీసి, ఏ మొహం పెట్టుకుని చేయాలో తెలియక పక్కన పెట్టేసేవాణ్ణి. గేటు చప్పుడైతే చాలు, చేతిలో పని వదిలేసి చూసేవాణ్ణి. ఆమె లేకుండా ఈ నర్సరీలో అంతకుముందు నాలుగేళ్ళు ఎలా గడిపానో నాకు గుర్తుకు రాలేదు.

గిల్లిన మొక్క మాత్రం నా మీద కోపం పెట్టుకోలేదు. ఐదు పక్క కొమ్మలు వేసింది. ఆమె వెళ్ళిన ఐదో వారానికి అన్నిటా పూలు విచ్చుకున్నాయి. ముదురు ఎరుపు, అంచున తెలుపు, దగ్గరికెళ్తే సన్నగా లవంగం వాసన. నేను ఫోన్ తీసి ఫోటో తీయబోయాను.

"ఫోటో పంపి చేతులు దులుపుకుంటావా?" అంది పిన్ని వెనక నుంచి. "ఇన్నాళ్ళూ ఆ పిల్లే వచ్చింది, ఆ పిల్లే ఫోన్ చేసింది. నువ్వేం చేశావు? మొగ్గలు గిల్లావు."

"నర్సరీ?"

"నువ్వు పుట్టకముందు కూడా నేను మొక్కలకి నీళ్ళు పోశానురా. బయల్దేరు. ఆ పిల్ల ఒప్పుకుంటే మీ అమ్మతో నేను మాట్లాడతాను."

కుండీ ఒళ్ళో పెట్టుకుని తొమ్మిది గంటలు కూర్చున్నాను. ఎదురు సీటు పెద్దాయన "పెళ్ళివారింటికా బాబూ?" అని అడిగితే, "ఇంకా తెలీదండీ," అన్నాను.

ల్యాబ్ గుమ్మంలో తెల్లకోటులో నిలబడి ఆమె ముందు పువ్వుల్ని, తర్వాత నన్ను చూసింది. దారిలో రెండు గుత్తులు వడిలాయి.

"ఫోటో పంపితే సరిపోయేది," అంది.

"సరిపోదండీ. మీరంటే నాకిష్టం. వాన రోజే చెప్పాల్సింది, చెప్పలేకపోయాను. మొగ్గలు గిల్లడం తప్పు, అబద్ధం చెప్పడం ఇంకా పెద్ద తప్పు." కుండీ అందించాను. "ఈ రకం ఒకసారి పూశాక చాలావరకు చచ్చిపోతుంది. ఇంక పూసిందా అని అడగడానికి ఏమీ ఉండదు. ఊరికే ఆదివారం ఫోన్ చేస్తారా?"

ఆమె కుండీ తీసుకుంది. తల వంచి వాసన చూసింది. ఎంతసేపు చూసిందంటే, లోపలి నుంచి ఎవరో రెండుసార్లు పిలిచారు.

"చేయను," అంది.

నేను తలూపి వెనక్కి తిరగబోయాను.

"ఈసారి నువ్వు చెయ్యి."