ముగే పూలలో విషం

"హోనోరేని పువ్వుతోనే చంపుతారు," అన్నాడు పారిస్ నుంచి వచ్చిన చీఫ్ బాస్తీద్.

అత్తర్లకు పేరుపడ్డ గ్రాస్ పట్టణంలో మూతపడిన సబ్బుల కొట్టు వెనకగది అది. ఏజెంట్ మిరేయ్ పూలమ్మే వేషంలో ఉంది. ముసలి కెమిస్టు హోనోరే ఆమెకు వాసన చూడడం నేర్పిన గురువు. విదేశీ ముఠా ఒకటి పరిమళాల డ్రమ్ముల్లో విషం దాటిస్తోందని ఆయనే కనిపెట్టాడు. రేపు కోర్టులో సాక్ష్యం చెప్పాలి. దాక్కోమంటే మాత్రం వినలేదు.

విషాన్ని హైడ్రాక్సీసిట్రోనెలాల్‌లో కలిపారట. చిన్న తెల్ల గంటల్లా ఉండే ముగే పూల వాసనే అచ్చంగా వేసే ల్యాబు సరుకు. దగ్గరగా ఒక్కసారి పీలిస్తే చాలు. ఆ సరుకు తగిలితే వణికే యంత్రాన్ని లిప్‌స్టిక్‌లా చేసి ఇచ్చాడు చీఫ్.

"ఇవాళ మే ఒకటి సార్. ఊరంతా శుభమని ముగే పూలే పంచుకుంటారు," అంది మిరేయ్.

చీఫ్ నీళ్ళు నింపిన పూలబకెట్టు ఆమె చేతికిచ్చి తలుపు తీశాడు.

చౌకులో అడుగు పెట్టగానే మొదలైన లిప్‌స్టిక్ వణుకు ఆగలేదు. ఈ ఊరి సబ్బులో, దుప్పట్లలో, ఆడవాళ్ళ జుట్టులో ఉన్నది ఆ సరుకే. మిరేయ్ బుట్ట తరువాత బుట్ట వాసన చూసింది. చివరికి ముక్కు మొద్దుబారింది. రొట్టె మాడినా తెలియని స్థితి. ఎదురుగా గురువుగారు నవ్వుతూ అందరి దగ్గరా పూలు తీసుకుంటున్నాడు.

పసుపు పట్టుగౌనులో సొలాంజ్ వచ్చింది. ముఠాలో ఉన్న మన మనిషి. హంతకుణ్ణి చూస్తే 'తెల్ల గంటలు' అనాలని కోడ్.

"గంటలు మోగలేదే. ఆ మొహమేంటే, కుళ్ళిన చేపలు మోసినట్టు?" అని నవ్వి, పూరెమ్మతో హోనోరే వైపు నడిచింది.

ఇక చేసేదేమీ లేక మిరేయ్ చూస్తూ నిలబడింది. ఈ ఊళ్ళో బండి తోలేవాడైనా పువ్వుని ముందు తన ముక్కు దగ్గర పెట్టుకున్నాకే ఎదుటివారికి ఇస్తాడు. ఎదురుగా అందరూ అదే చేస్తున్నారు. సొలాంజ్ ఈ ఊళ్ళోనే పుట్టింది. ఆమె మాత్రం రెమ్మని చెయ్యి చాచి, దూరంగా పట్టుకుంది.

మిరేయ్ పరుగెత్తింది. హోనోరే అప్పటికే తల వంచుతున్నాడు. చేరుకోలేనని తెలిసి, చేతిలోని పూలబకెట్టు నీళ్ళన్నీ ఇద్దరి మీదా విసిరికొట్టింది. రెమ్మ జారి కాలవలో పడింది. మిరేయ్ సైగ చూసి, చౌకులో కాపు కాస్తున్న మఫ్టీ పోలీసులు సొలాంజ్‌ని పట్టుకున్నారు.

తడిసి ముద్దయిన హోనోరే కళ్ళద్దాలు తుడుచుకుంటూ, ఏ వాసన పట్టించిందని అడిగాడు.

"వాసన కాదు మాస్టారూ. ముక్కు ఎప్పుడో పోయింది. కళ్ళతో చూసి పట్టాను."

"అలాగా," అన్నాడాయన గొంతు తగ్గించి. "ఈ ఊళ్ళో ఆ మాట ఎవరితోనూ అనకమ్మా. నా పరువు పోతుంది."