బోర్డుకి దణ్ణం

పొద్దున్న ఎనిమిది కావొస్తోంది. కనకమ్మ వసారాలో పీట వేసుకుని కూర్చుని కొడుకు నోటికి ఉప్మా అందిస్తోంది. ముప్ఫై ఏళ్ల బెంజమిన్ తల దించుకుని పసిపిల్లాడిలా నోరు తెరుస్తున్నాడు. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టు. ఆ కట్టు లోపల బొటనవేలూ, చూపుడువేలూ లేవు. ఏలూరు ఆసుపత్రిలో తీసేసి పన్నెండు రోజులయింది. ఇంటికి తీసుకొచ్చి మూడు రోజులు.

గుమ్మం లోపల కోడలు బ్లెస్సీ మంచినీళ్ల గ్లాసుతో నిలబడి ఉంది. అత్తగారు ఆ గ్లాసు ఇమ్మనలేదు, వద్దనీ అనలేదు. అక్కడో మనిషి ఉన్నట్టే చూడలేదు.

అరుగు మీద కూర్చున్న కనకమ్మ మొగుడు సీమోను మాత్రం అన్నీ చూస్తున్నాడు. చూడటం ఆయన అలవాటు. కొల్లేటి అంచున ఉన్న ఆ ఊళ్లో నలభై ఏళ్లుగా చేపల చెరువుల మీద మోటార్లూ, నీళ్లని చిలికి గాలి ఎక్కించే ఏరియేటర్లూ బాగుచేస్తున్నాడు. గట్టు మీద నడుస్తూనే మోత విని ఏ మోటారుకి బేరింగు పోయిందో చెప్పగలడు. ఇంట్లో మాత్రం రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. కొడుకుతో అయితే అవీ ఉండవు.

పన్నెండు రోజుల కిందట తెల్లవారుజామున కరెంటు పోయి వచ్చింది. వీరేంద్రగారి చెరువులో ఏరియేటర్లు మళ్లీ తిరగలేదు. చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయని ఫోను వస్తే, తండ్రి పనే చేస్తున్న బెంజమిన్ పరిగెత్తాడు. స్టార్టరు డబ్బా మూత తీసి టెస్టరు పెట్టాడు. వెలగలేదు. కరెంటు ఇంకా రాలేదనుకుని వైరు పట్టుకున్నాడు. కరెంటు ఉంది. పోయింది టెస్టరు.

ఆ టెస్టరు బ్లెస్సీ కొన్నది. ఫోనులో ఒక యాప్ ఉంది, అందులో అన్నీ చవక. నూట ఇరవై తొమ్మిది రూపాయలకి పదకొండు రకాల పనిముట్లు, ఎర్ర సంచీతో సహా. పెళ్లిరోజుకి మొగుడికి ఇచ్చింది.

వీధిలో బండి హారను మోగింది.

"బ్లెస్సీగారి ఇల్లు ఇదేనాండీ? పార్సిలండి!"

కొరియరు అతను గులాబీరంగు కవరు అరుగు మీద పెట్టి, పేరు సరిచూసుకుని వెళ్లిపోయాడు. ప్రమాదానికి ముందు ఎప్పుడో పెట్టిన ఆర్డరు, దిండు గలేబులు. కనకమ్మ చేతిలో ముద్ద కంచంలో పడిపోయింది.

"ఇంకా తెప్పిస్తున్నావా తల్లీ? వాడికి ఇంకా ఎనిమిది వేళ్లు మిగిలాయనా?"

"ముందెప్పుడో పెట్టిందండి అత్తయ్యగారూ. మర్చిపోయాను."

"మర్చిపోతావు. నీ వేళ్లు నీకున్నాయి. ఏవండీ, వింటున్నారా? నేను ఏసుబాబు అన్నయ్యగారికి ఫోను చేస్తున్నాను. వచ్చి కూతుర్ని తీసుకుపొమ్మంటాను."

"అమ్మా..." అన్నాడు బెంజమిన్.

"నువ్వు ఊరుకోరా!"

సీమోను నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు. ఆసుపత్రి వరండాలో కూడా ఇలాగే రెండుసార్లు తెరిచి మూసుకున్నాడు. చెప్పవలసిన మాట ఒకటి ఆ రోజు నుంచీ గొంతులో ముల్లులా ఉంది. మింగుడుపడదు, బయటికి రాదు.

ఏసుబాబు పదకొండింటికల్లా వచ్చాడు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులో కాటా దగ్గర పని ఆయనకి. పని మధ్యలో లేచి వచ్చినట్టున్నాడు, చొక్కా భుజాల మీద ఉల్లిపొరలు అంటుకునే ఉన్నాయి. "వందనాలండి బావగారూ" అని అరుగు చివర కూర్చున్నాడు. అల్లుడి చేతి వైపు చూసి, చూడలేక నేల వైపు చూశాడు.

"మీ అమ్మాయిని తీసుకెళ్లండి అన్నయ్యగారూ" అంది కనకమ్మ. "తిట్టి పంపడం లేదు. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఆ కట్టే కనిపిస్తోంది. స్క్రూడ్రైవరు పట్టుకోవాల్సిన వేళ్లండి అవి. రేపు వాడేం పనిచేస్తాడు? పైగా ఆ దిక్కుమాలిన సరుక్కి అయిదు చుక్కలు పెట్టిందంట మీ అమ్మాయి! శభాష్ అని రాసిందంట!"

ఏసుబాబు కూతురి వైపు తిరిగాడు. "నిజమేనా అమ్మా?"

"నిజమే నాన్నా." బ్లెస్సీ గోడకి ఆనుకుంది. "చుక్కలు పెట్టి ఫోటో పంపితే తర్వాత కొనేదాంట్లో ఇరవై రూపాయలు తగ్గిస్తారు. ఆయన సంచీ విప్పనైనా లేదు. మంచం మీద పెట్టి ఫోటో తీశాను. చాలా బాగుంది, మావారికి నచ్చింది అని రాశాను."

"చూశారా!"

"ఆసుపత్రిలో ఉండగా అది మార్చి ఉన్నమాట రాద్దామని చూశానండి అత్తయ్యగారూ. ఆ అమ్మినవాడి పేరే లేదు. అదే ఎర్ర సంచీ, అవే పదకొండు సామాన్లు, ఇంకో పేరుతో ఉన్నాయి. తొమ్మిది రూపాయలు తగ్గించారు. కింద నేను తీసిన ఫోటోయే పెట్టారు. మన మంచం, మన పువ్వుల దుప్పటి. నేను శభాష్ అన్న మాటతో ఇప్పటికీ అమ్ముతున్నారు."

బ్లెస్సీ కళ్లు తుడుచుకుంది.

"నన్ను పంపెయ్యండి. వెళ్తాను. కానీ ఒక్క పూట ఆగండి. చర్చి ఆడవాళ్ల గ్రూపులో ఆ లింకు నేనే పెట్టాను. మన ఊళ్లో పదకొండు ఇళ్లవాళ్లు కొన్నారు. అందరి ఇళ్లలోనూ చెరువుల మీద పనిచేసే మగాళ్లున్నారు. ఆ ఇళ్లన్నిటికీ వెళ్లి చెప్పి వస్తాను."

"ఎందుకు? ఊరంతా మనింటిని చూసి నవ్వడానికా? దమ్మిడీకి పడి మొగుడి చెయ్యి పోగొట్టింది అనిపించుకోడానికా? నువ్వు గుమ్మం దిగావంటే ఇటునుంచి ఇటే గూడెం, మీ పుట్టింటికి."

"అలాగేనండి" అంది బ్లెస్సీ, చెప్పులు వెతుక్కుంటూ.

"ఆగమ్మా" అన్నాడు సీమోను.

కనకమ్మ ఉలిక్కిపడి చూసింది.

"తప్పు దానిది కాదు."

"మరెవరిదండీ?"

సీమోను కాసేపు తన అరచేతుల వైపు చూసుకున్నాడు.

"టెస్టరన్నాక పోతుంది. ఇది నాసిది, వారంలో పోయింది. మంచి కంపెనీవీ పోతాయి. నా దగ్గరే నాలుగు పోయాయి. అయినా నా వేళ్లు నాకున్నాయి. ఎందుకున్నాయి?" ఆగాడు. ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడి ఆయాసం వచ్చినట్టుంది. "నేను వైరు ముట్టుకోబోయే ముందు షెడ్డులో కరెంటు బోర్డు దగ్గరికెళ్లి టెస్టరు పెడతాను. చూశారుగా అందరూ."

"చూడకేం. బోర్డుకి దణ్ణం" అంది కనకమ్మ. ఊరంతా అనే మాటే అది. సీమోను ప్రార్థనకి ఆలస్యంగా వస్తాడు గానీ బోర్డుకి దణ్ణం పెట్టందే పని మొదలెట్టడు అని చెరువుల మీద హాస్యం. కాపలావాళ్లు కూడా "అయ్యిందాండీ దణ్ణం?" అని అడిగేవాళ్లు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

"దణ్ణం కాదది. కరెంటు ఉన్నచోట ముందు పెట్టి చూడాలి. అక్కడ వెలిగితే టెస్టరు బతికున్నట్టు. అప్పుడే పని దగ్గర పెట్టాలి. బోర్డు దగ్గరే వెలగలేదంటే కరెంటు లేదని కాదు, మనకి తెలీదని. తెలీనప్పుడు ఫ్యూజులు పీకి జేబులో వేసుకోవాలి. అంతే."

"ఆ మాట వాడికి..." కనకమ్మ కొడుకు వైపు చూసింది. "వాడికి చెప్పలేదా మీరు?"

"లేదు."

"పదిహేనేళ్లు మీ వెనకాల సంచీ మోశాడండీ వాడు!"

"చూస్తున్నాడుగా, తెలుసుకుంటాడు అనుకున్నాను. వాడూ అందరితోపాటు నవ్వేవాడు. వాడికీ తెలీదని అప్పుడైనా నాకు తట్టలేదు."

బెంజమిన్ లేచి లోపలికి వెళ్లిపోయాడు. మంచం కిర్రుమన్న చప్పుడు వినిపించింది. కనకమ్మ మొగుడి వైపు చూసిన చూపు పన్నెండు రోజులుగా కోడలిని చూసిన చూపే. సీమోను దాన్ని తప్పించుకోలేదు. లేచి కండువా వేసుకున్నాడు.

"పద బ్లెస్సీ. నేనూ వస్తాను."

మొదటి ఇల్లు సువార్తమ్మది. ఆవిడ ఎర్ర సంచీ తెచ్చి, టెస్టరు తీసి, టీవీ వెనక ప్లగ్గులో పెట్టింది. నారింజరంగు దీపం వెలిగింది.

"వెలుగుతోందిగా బాబాయ్! మా బాగా పనిచేస్తంది. మీవాడిది ఏదో తేడాగా వచ్చుంటది."

"ఇవాళ వెలిగింది" అన్నాడు సీమోను. "ఇంకోసారి పెట్టమ్మా."

మూడోసారి పెట్టినప్పుడు వెలగలేదు. సువార్తమ్మ దాన్ని విదిలించింది, ఊదింది, మళ్లీ పెట్టింది. వెలగలేదు. ఆవిడ ముఖం మారిపోయింది. బ్లెస్సీ వైపు తిరిగి, "నీ ఫోటో చూసే కదే కొన్నాను" అంది. తిట్టినా బాగుండేది. బ్లెస్సీ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రెండో ఇంట్లో సంచీ ఇవ్వనన్నారు. చవగ్గా వచ్చింది కదా, పడుంటుందిలే అన్నారు. మూడో ఇంట్లో కుర్చీ వేశారు, మజ్జిగ ఇచ్చారు, నమ్మలేదు. ప్రతి గుమ్మంలోనూ సీమోను నిలబడి అదే మాట చెప్పాడు. మొదట్లో మాటలు తడబడ్డాయి. బోర్డు, వెలగడం, బతికుండటం, అన్నీ కలగాపులగం అయ్యాయి. నాలుగో ఇంటికి వచ్చేసరికి చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యేలా చెప్పగలిగాడు. ఇంత తేలికైన మాటా, అనుకున్నాడు. అరనిమిషం కూడా పట్టని మాట.

ఎనిమిదో ఇల్లు సీతారత్నానిది. ఆవిడ వాకిట్లో చేపల వల అతుకు వేసుకుంటోంది.

"సంచీ లేదు బాబాయ్. మీ అబ్బాయి రాలేడని చెరువువాళ్లు మా ఆయన్ని పిలిచారు. ఉండి ఊరి వైపు వెళ్లాడు, మోటారు ఆగిపోయిందంట. పట్టుకెళ్లాడు."

"ఫోను చెయ్యమ్మా" అన్నాడు సీమోను.

మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. సీతారత్నం వల కింద పడేసి నిలబడింది. మూడోసారి మోగుతుంటే బ్లెస్సీ వాకిట్లోనే కూలబడి, "ప్రభువా, ప్రభువా" అని గొణగడం మొదలెట్టింది. మూడోసారీ ఎత్తలేదు.

నాలుగోసారి, "ఏంటే, పని మీదుంటే..." అని మగగొంతు వినిపించింది.

సీమోను ఫోను లాక్కున్నాడు. "ముట్టుకోకు! ఏదీ ముట్టుకోకు! ఎక్కడున్నావు? డబ్బా తెరిచావా? తెరిస్తే వెనక్కి జరుగు! ఫ్యూజులు పీకు ముందు!"

ఆ కేకకి పక్కిళ్లవాళ్లు బయటికొచ్చారు. సీమోను గొంతు అంత పెద్దదని ఆ వీధిలో ఎవరికీ తెలీదు. అవతల ఫ్యూజులు పీకుతున్న చప్పుడు. తర్వాత, "పీకానండి బాబాయ్. ఏమైంది?" అన్నాడతను. సీమోను మొదటినుంచీ చెప్పాడు. చెప్పి, తిరిగి చెప్పించుకున్నాడు. అప్పుడు గానీ ఫోను ఇవ్వలేదు.

సీతారత్నం బ్లెస్సీని లేవదీయలేదు, తిట్టనూ లేదు. చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది.

ఇంటికి వచ్చేసరికి నాలుగు దాటింది. చేతిసంచీలో ఆరు టెస్టర్లు. మిగతావాళ్లు ఇవ్వలేదు. మళ్లీ వెళ్లాలి. బ్లెస్సీ ఫోను తీసి, ఆ గ్రూపులో తన పేరుతోనే జరిగినదంతా రాసింది. మొగుడి చేతి సంగతి దాచలేదు, తన అయిదు చుక్కల సంగతీ దాచలేదు. రాసి, అత్తగారికి చదివి వినిపించింది. కనకమ్మ చివరిదాకా విని, "పంపించు" అంది. తర్వాత వియ్యంకుడి వైపు తిరిగింది.

"అన్నయ్యగారూ, అన్నం తినేసి వెళ్లండి. పిల్ల ఇక్కడే ఉంటుంది. వాడికి రేపు కట్టు మార్పించాలి, నాకు ఆ రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి."

ఏసుబాబు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. కనకమ్మ అందరికీ వడ్డించింది. మొగుడికి కంచం పెట్టింది గానీ ఆయనతో మాట్లాడలేదు. ఎన్నాళ్లు మాట్లాడదో ఆయనకి తెలీదు. అడిగే హక్కూ లేదనుకున్నాడు.

సీమోను కంచం ముట్టుకోకుండా అరుగు మీదకి వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి బెంజమిన్ వచ్చి పక్కన కూర్చున్నాడు. తండ్రీకొడుకులు అలా పక్కపక్కన కూర్చోవడం కొత్త కాదు. పదిహేనేళ్లు ఎన్ని గట్ల మీద కూర్చోలేదు, ఏమీ మాట్లాడుకోకుండా.

"అందరికీ చెప్పావంటగా నాన్నా."

"చెప్పాను."

"నాకెందుకు చెప్పలేదు?"

సీమోను చెరువుల వైపు చూశాడు. ఎండ తగ్గి నీళ్లు సీసం రంగులోకి తిరుగుతున్నాయి. ఎక్కడో ఏరియేటరు మొదలైంది.

"వాళ్లతో మాట్లాడినట్టు నీతో మాట్లాడటం నాకు చేతకాలేదురా" అన్నాడు. "మా నాన్న నాతో మాట్లాడలేదు. మగపిల్లాడితో మాట్లాడేదేముంటుంది అనుకున్నాను." ఆ మాట అంటూనే ఆయన ముఖం కుదేలైపోయింది. కండువా అడ్డం పెట్టుకోవడం కూడా తోచలేదు. కొడుకు ముందు ఏడవడం ఆయనకదే మొదలు.

బెంజమిన్ ఓదార్చలేదు. కోపం తగ్గినట్టూ లేదు. కట్టు కట్టిన చేతిని ఒళ్లో సర్దుకుని, తండ్రి ఏడుపు ఆగేదాకా కూర్చున్నాడు.

"నువ్వు చేసేవన్నీ నేను చూశాను" అన్నాడు చివరికి. "ఏది ఎందుకో ఒక్కటీ తెలీదు. స్టార్టరు మూత తీసేముందు మూతని మూడుసార్లు తడతావు. ఎందుకు?"

"తేళ్లుంటాయి లోపల. చప్పుడుకి కదులుతాయి."

"బేరింగు కొట్టేప్పుడు కళ్లు మూసుకుంటావు."

"బిగుసుకున్నది చప్పుడులో తెలుస్తుంది. కళ్లు తెరిస్తే సరిగ్గా వినపడదు."

"మోటారు విప్పగానే నీళ్లు తాగుతావు."

సీమోను ముక్కు చీదుకున్నాడు. "దాహమేసి" అన్నాడు.

బెంజమిన్ నవ్వబోయాడు. చెయ్యి కదిలి నొప్పి పెట్టిందేమో, పళ్లు బిగించుకున్నాడు. బ్లెస్సీ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె వెనక కనకమ్మ కూడా. ఇద్దరూ బయటికి రాలేదు.

"ఇంకా చెప్పు" అన్నాడు బెంజమిన్. "ఒక్కటీ వదలకు."

సీమోను గొంతు సవరించుకుని, తన పదహారో ఏట మొదటిసారి మోటారు విప్పిన రోజు దగ్గర్నించి మొదలుపెట్టాడు.