నిలబడ్డ గుడ్డు సీసా

లాల్‌దర్వాజాల చీకటి పడ్డంక కుక్క కూడా చుట్టు తిరిగిపోయే గల్లీ ఒకటుండె. దాని చివర గుండయ్య సోడా కార్ఖానా. గుండయ్య పోయి ఏడేండ్లు, తాళం పడి ఏడేండ్లు. అయినా అమాస రాత్రి లోపట్నుంచి చప్పుళ్లొస్తయని చెప్పేటోళ్లు— గోలీ దిగినట్టు టక్కు... గ్యాసు పోయినట్టు స్‌స్‌స్... ఆ మీద, తృప్తిగ, ఒక తేన్పు.

సోడా పేలి సచ్చిండని కొందరంటరు. నిజానికి ముసలితనంతోని మంచంలనే పోయిండు. గని మంచంల పోయినోడు దెయ్యమైతే గల్లీకి ఏం ఇజ్జత్?

నాకు దెయ్యాలంటే భయం లేదు, ఎదురైతేనే భయం. అందుకే ఈ కథ బీరయ్య చెప్పంగ విన్నట్టే చెప్తున్న. ఆ రాత్రి నేనెక్కడున్ననని అడుగకండి— కడుపునొప్పి.

బీరయ్య పాలు పోసేటోడు. వానికి ముప్పై ఆరు పాత సోడా సీసాలు, ఆరు బర్రెలు, ఒక పెండ్లాం. ఈ వరుస నాది కాదు, ఆ పెండ్లాం కొమురమ్మ చెప్పి ఏడ్చేదే. సీసాల పిచ్చి ఇంకొకనికి కూడా ఉండె— నాకు. నా దగ్గర కూడా ముప్పై ఆరే. బడికి పోలేదు, సీసాల మీద పోతపోసిన అక్షరాలు తడిమి తడిమి చదువు నేర్చిన. అందుకే నాకొచ్చిన ఇంగ్లీషంత 'సోడా' దగ్గర మొదలై 'వాటర్' దగ్గర అయిపోతది.

మా ఇద్దరి పానం ఒక్కదాని మీదనే— గుండయ్య గుడ్డు సీసా. గోలీ సీసాల కంటె పాతది. అడుగు కోడిగుడ్డు తీరుగ గుండ్రం, నిలబెడితే పడిపోతది. పండబెడితేనే బిరడా తడిగుండి గ్యాసు నిలుస్తది. అది ఎవనికి దొరికితె వాడు హైదరాబాద్‌ల ఒకే ఒక్కడు. రెండోవాడు ఉత్త సీసాలేరుకునేటోడు.

దేశాలన్ని లడాయిల ఉన్న రోజులు. కొత్త గాజు దొరకదు. గుండయ్య కొడుకు కార్ఖానా సామానంత కబాడీవానికి అమ్మిండు. ఎవరికి వాళ్లం పోయి బతిమాలితే, "బేరమైపోయింది భాయ్" అన్నడు. తెల్లారితే గుడ్డు సీసా పలిగి బట్టీల కరుగుతది.

ఆ రాత్రే అమాస.

బీరయ్య నడుముకు నిమ్మకాయ, యాపమండ కట్టుకొని, కందిలి వత్తి తగ్గించి, ఎనక గోడ దూకిండు. లోపట పాత గోనెల వాసన... కాలి కింద గాజు పెంకులు... కందిలి పైకి లేపిండు.

గుడ్డు సీసా కనబడ్డది.

నిలబడి ఉన్నది.

వేరేటోడైతే "దొరికింది" అని చెయ్యి చాపేటోడు. బీరయ్యకు మాత్రం చెమటలు పట్టినయి. గుడ్డు సీసా నిలబడదు... ఎవడన్న పట్టుకుంటె తప్ప...

కందిలి ఇంక జర లేపిండు. సీసా కింద చెయ్యి— నల్లగ, లావుగ, గోర్లు లేని చెయ్యి. దాని పైన మొఖం... కండ్లు లేవు, ముక్కు లేదు, నోరు లేదు. ఉత్త జల్లెడ.

మోకాళ్ల మీద పడ్డడు.

"గుండయ్య మామా..." గుసగుసలాడిండు. "సచ్చినంక గూడ పని చేస్తున్నవా? పొద్దుగల్ల నీ సీసాను పలగ్గొడ్తరే... నాకియ్యి మామా. పాలల్ల నీళ్లు గలుపుడు బందు వెడ్త... సగం బందు వెడ్త."

జల్లెడ ఒణికింది. సీసా ఒణికింది.

"ఇచ్చెయ్..." అన్నదొక బొంగురు గొంతు. ఆ వెంట ఒక తేన్పు.

సీసా వచ్చి బీరయ్య ఒళ్లె పడ్డది. గోడ దూకిండో, గోడలకెల్లే పోయిండో, వానికే యాది లేదు.

ఇప్పుడా సీసా బీరయ్య ఇంట్ల ఎర్రగుడ్డ మీద పసుపు కుంకుమలతోని పండుకొని ఉన్నది. గల్లీ అంత వచ్చి మొక్కుతది. నేను గూడ మొక్కిన. ఏం చెయ్యాలె? 'ముందుగాల దొంగిలించింది నేను' అని ఏ మొఖంతోని చెప్పాలె— జల్లెడ మొఖంతోనా?

అవు. ఆ దెయ్యం నేనే. పాత సోడా సీసా ముట్టుకుంటె పేలొచ్చు. అందుకే సోడా నింపేటోళ్లు మొఖానికి ఇనుప జాలి, చేతులకు తోలు తొడుగులు పెట్టుకుంటరు. అక్కడ గోడకున్న మొలకు వేలాడుతుంటె నేను తగిలించుకున్న. బీరయ్య గోడ దూకిన చప్పుడుకు నా దీపం ఆర్పేసిన. గొంతు గుర్తుపడ్తడని ఒక్క మాట గూడ బయటికి రానియ్యలే. "ఇచ్చెయ్" అని వాడంత గట్టిగ అనేసరికి నా చెయ్యి దానంతటదే ముందటికి పోయింది.

మొన్న ఆగలేక అన్న: "దెయ్యాన్ని పట్టుకొని 'ఇచ్చెయ్' అని గద్దించినవంటె మస్తు ధైర్యం బీరయ్యా నీది!"

"నేనెక్కడ అన్ననే? నాకప్పుడు నాలికే తిరుగలే. అన్నది ఎనకోడు."

"ఎనకోడెవడు?"

"దెయ్యాలు రెండుండె గద! సీసా పట్టుకున్న జల్లెడది ముంగట... అది పాపం నాకంటె ఎక్కువ ఒణుకుతుండె." బీరయ్య నా చెవి దగ్గరికి వంగిండు. "దాని భుజం మీద గదుమ ఆనిచ్చి నిలబడ్డది గుండయ్య మామ. 'ఇచ్చెయ్' అన్నడు... తేన్చిండు."

ఆ తేన్పు నేను గూడ విన్న.

ఇన్ని రోజులు నాదే అనుకున్న.