నాకు నెట్ వద్దు

"నాకు నెట్ వద్దు. తీసెయ్యుండ్రి."

భూపాలపల్లి మెయిన్‌రోడ్డు మీది సెల్‌ఫోన్ల షాపులో, కౌంటర్ ముందు నిలబడి ఐలేశ్ అన్న మొదటి మాట అది. బయట ముసురు పట్టి ఉంది. తలకు చుట్టుకున్న తువ్వాల నుంచి నీళ్లు కౌంటర్ అద్దం మీదికి కారుతున్నాయి.

కౌంటర్ వెనకున్న అమ్మాయి తలెత్తింది. ముఖానికి మాస్కు. కనిపించేవి రెండు కళ్లే. అవి కూడా వింతగా చూస్తున్నాయి.

"నెట్ వద్దా? స్పీడ్ వస్తలేదని కొట్లాడేటోళ్లు దినాం వస్తరు సార్. వద్దని వచ్చినోళ్లను ఇయ్యాలనే చూస్తున్న."

"తీసెయ్యుండ్రి. జర జల్ది."

ఆమె నంబరు అడిగి కంప్యూటర్లో చూసింది. "సార్, మీరు ఈ ఫోన్ ఆఫర్ల తీసుకున్నరు. సగం ధరకు ఇచ్చినమంటే ఏడాది పాటు డాటా ప్లాన్ తప్పనిసరి. నడుమల ఆపితే ఫోన్ లాక్ అయితది. తగ్గించిన పైసలన్ని కడితేనే మళ్ల తెరుచుకుంటది."

"కడత."

"మాటలకేనా సార్? నెట్ లేకుంట ఫోన్ ఉంటది గంతే."

"మాటలకే."

ఆమె కళ్లు ఇంకాస్త వింతగా చూశాయి. కుడిచేతి మణికట్టుకు కట్టు ఉండటంతో ఎడమచేత్తోనే మెల్లగా టైపు చేస్తూ అడిగింది. "కారణం ఏం పెట్టాలె? సిస్టం అడుగుతుంది. సిగ్నల్ మంచిగ లేదా? ఊరు మారుతున్నరా? వేరే కంపెనీకి పోతున్నరా?"

ఐలేశ్ అద్దం మీది నీళ్ల వంక చూస్తూ అన్నాడు. "సిగ్గయితుంది."

"ఆఁ?"

"నెట్ చూస్తే సిగ్గయితుంది."

మాస్కు వెనక ఆమె నవ్వాపుకున్నట్టు తెలిసింది. "గా ఆప్షన్ లేదు సార్."

ఐలేశ్‌ది రేగొండ. బోరు మోటార్లు బాగుచేస్తాడు. తండ్రి లేడు. ఇంట్లో అతను అవ్వా అని పిలిచే తల్లి కట్టమ్మ, తను. వారం కిందటి దాకా అతనికి ఫోనంటే ప్రాణం. ఊళ్లో ఏది జరిగినా తీసి పెట్టడం, ఎంతమంది చూశారో చూసుకుని మురిసిపోవడం. ఒక వానపూట భూపాలపల్లి బస్టాండు దగ్గర చాయ్ హోటల్ రేకుల కింద దోస్తులతో నిలబడ్డాడు. ఎదురుగా పైపుల కోసం తవ్విన రోడ్డంతా ఎర్రటి బురద. స్కూటీ మీద వచ్చిన ఒక అమ్మాయి జారి పడింది. లేచి, బండి లేపుకుని ఎక్కబోయి మళ్లీ పడింది. ఐలేశ్ మొత్తం తీశాడు. ఒక హుషారు పాట జోడించి, 'భూపాలపల్లి స్కేటింగ్' అని పేరు పెట్టి వదిలాడు. సాయంత్రానికి అది జిల్లా దాటిపోయింది.

ఇంటికి పోయి మురిపెంగా అవ్వకు చూపించాడు.

బియ్యం ఏరుతున్న కట్టమ్మ ఒకసారి చూసి అడిగింది. "ఆ పిల్లకు దెబ్బ తాకిందా బిడ్డా?"

"ఏమో అవ్వా. సూడు, గిప్పుడు మళ్ల పడతది."

"నువ్వేడున్నవ్?"

"ఎదురుంగనే. నేనే గద వీడియో తీసింది."

కట్టమ్మ నవ్వలేదు. ఫోన్ తిరిగి ఇచ్చేసి, "గింత దగ్గర ఉండి లేపకపోతివి?" అని మళ్లీ బియ్యం ఏరుకోసాగింది. ఆ రోజంతా ఆమె ఇంకేమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

రాత్రికల్లా ఐలేశ్ వీడియో తీసేశాడు. కాని అప్పటికే అది ఎన్నో పేజీలకు ఎక్కింది. ఒకడు గాడిద ఓండ్ర కలిపాడు. ఇంకొకడు స్లోమోషన్‌లో చూపాడు. ఫోన్ తెరిస్తే చాలు, ఆ అమ్మాయి పడుతూనే ఉంది. చివరికి నెట్టే లేకుండా చేసుకుందామని ఈ షాపుకొచ్చాడు.

"సరే సార్, ఓటీపీ వచ్చింటది. చెప్పుండ్రి," అంది కౌంటర్లో అమ్మాయి.

ఐలేశ్ ఫోన్ తీశాడు. అప్పుడే పక్కన నిలబడ్డ ఒక కస్టమర్ వంగి ఆమె మణికట్టు వంక, కళ్ల వంక చూసి గట్టిగా అన్నాడు. "ఏయ్, నువ్వు ఆ స్కేటింగ్ పిల్లవే గదా? మాస్కు పెట్టుకుంటే గుర్తు పట్టమనుకున్నవా?"

షాపంతా అటు తిరిగింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె కళ్లు దించుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. అయినా గొంతు మార్చకుండా, "సార్, ఓటీపీ," అంది ఐలేశ్‌తో.

ఐలేశ్ ఫోన్ వంక చూశాడు. అంకెలు కళ్లముందే ఉన్నాయి, చదవలేకపోయాడు. "వద్దు," అని మాత్రం అని, వానలోకి దాదాపు ఉరికాడు.

మర్నాడు మధ్యాహ్నం అన్నం వేళకు మళ్లీ వచ్చాడు. షాపు వెనక మెట్ల మీద ఆమె ఒక్కతే కూర్చుని, ఎడమచేత్తో చెంచా పట్టుకుని తింటోంది. మాస్కు తీసేసి ఉంది. వీడియోలో బురద అంటిన ముఖాన్నే చూశాడు ఇన్నాళ్లూ. ఇంత చక్కటి ముఖమని తెలియలేదు. తెలిసినందుకు ఇంకా సిగ్గేసింది.

"మీ పేరు?"

"శ్వేత. ఏంది సార్, ఓటీపీ దొరికిందా?"

"ఆ వీడియో... తీసింది నేను."

చెంచా ఆగిపోయింది. శ్వేత తలెత్తి చూసింది.

"మొత్తం నువ్వే తీసినవా?" 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది.

"మొత్తం."

"అంటే ఒక్కసారి పడ్డంక ఆపలే. మళ్ల పడేదాక తీసినవ్."

ఐలేశ్ అబద్ధం ఆడొచ్చు. ఆడలేకపోయాడు. "మళ్ల పడతదేమో అని ఆగిన."

శ్వేత డబ్బా మూత పెట్టేసింది. "మాది గార్ల. మా బాపుకు అక్కడ కిరాణం కొట్టున్నది. ఉప్పుకు, పప్పుకు వచ్చినోళ్లు ఆయనకే చూపిచ్చిండ్రంట, నీ బిడ్డ ఫేమస్ అయిందని. గిక్కడ ఉద్యోగం చేస్తనని ఆయనతోటి ఎంత కొట్లాడి వచ్చిన్నో నాకే ఎరుక. గిప్పుడు ఇడిసిపెట్టి ఇంటికి రమ్మంటుండు."

"సారీ..."

"నువ్వు నెట్ తీసేస్తే నీ కండ్లకు కనపడది, అంతే గదా? నాది అందరి ఫోన్లల్ల ఉంటది. నీకే మంచిగున్నది." ఆమె లేచింది. "ఓటీపీ చెప్పు. తీసేస్త. ఇగ మళ్ల రాకు."

ఐలేశ్ ఓటీపీ చెప్పలేదు. తలొంచుకుని వచ్చేశాడు.

ఆ సాయంత్రం ఇంటి ముందు నిలబడి, ఫోన్ తన ముఖం వైపు తిప్పుకున్నాడు. "నా పేరు ఐలేశ్. మాది రేగొండ. భూపాలపల్లిల ఒకామె బురదల పడితే వీడియో తీసింది నేనే. లేపకుంట నవ్వుకుంట నిలబడ్డ. ఆమెకు చెయ్యి బెణికింది. మా అవ్వ దెబ్బ తాకిందా అని అడిగింది. నాకు గా మాట అడగాలని గూడ తట్టలే. ఎవలి దగ్గర ఆ వీడియో ఉన్నా తీసెయ్యుండ్రి. దండం పెడత."

కింద వచ్చిన మాటలు చదవబుద్ధి కాలేదు. 'హీరో దిగిండు', 'లవ్వా అన్నా?', 'ఏడు, ఇంకా జర ఏడు'. దోస్తు శ్రావణ్ ఇంటికొచ్చి మరీ తిట్టాడు. "మా అందరి ఇజ్జత్ తీసినవ్ కదరా! పక్కన మేం గూడ నవ్వినం. గిప్పుడు మా ఇండ్లల్ల అడుగుతుండ్రు." మోటారు బాగుచేయడానికి ఏ ఊరికి పోయినా, బావి దగ్గర ఆడవాళ్లు అతన్ని చూసి గుసగుసలాడుకున్నారు. ఐలేశ్‌కు భూమిలోకి పోవాలనిపించేది. శ్వేతకు రోజూ ఇలాగే ఉండి ఉంటుందని అప్పుడు తెలిసింది.

నెట్ మాత్రం ఉంచుకున్నాడు. ఒక్కొక్క పేజీ వెతికి, బతిమాలి, తీయించసాగాడు. కొందరు తీశారు. కొందరు తిట్టి తీశారు. వారాలు గడిచాక ఒక్కడు మిగిలాడు. దేవరుప్పులలో ప్రేమ్‌చంద్ అనేవాడు. "నా పేజీల గదే మంచిగ నడుస్తుంది. తియ్య," అన్నాడు. ఐలేశ్ బస్సెక్కి దేవరుప్పుల పోయి, వాళ్లింటి అరుగు మీద కూర్చున్నాడు. ఎంతకీ లేవలేదు. లోపలి నుంచి వాళ్ల నాయనమ్మ ఈదమ్మ వచ్చి సంగతి అడిగింది, విన్నది.

"ఆడిపిల్ల పడితే నవ్వుతాన్రా మీరు?" అని మనవడి మీదికి చీపురు తీసింది. ప్రేమ్‌చంద్ ఆమె ముందే వీడియో తీసేశాడు.

తిరిగి వస్తూ ఐలేశ్ జనగామలో దిగాడు. శ్వేతను అక్కడి షాపుకు మార్చారని భూపాలపల్లి మేనేజరు రవి చెప్పి ఉన్నాడు. రావద్దన్న మాట గుర్తుంది. కాని పని పూర్తయిందని చెప్పకుండా ఎలా?

షాపులో రద్దీ లేదు. శ్వేత కౌంటర్లో ఉంది. మాస్కు లేదు. చేతికి కట్టూ లేదు. అతన్ని ఒక్క చూపు చూసి, మళ్లీ కంప్యూటర్ వైపు తిరిగింది.

"ఇగ ఏడా లేదు ఆ వీడియో. ఆఖరుది ఇయ్యాల తీపిచ్చిన," అన్నాడు ఐలేశ్. "గందుకే నెట్ ఉంచుకున్న. గిప్పుడు తీసెయ్యుండ్రి. ఓటీపీ చెప్త."

"నీ వీడియో మా బాపుకు చూపిచ్చిన," అంది ఆమె అటు తిరిగే. "ఉద్యోగం చేసుకో గని, రైలుకు దగ్గర ఉండేటట్టు జనగామల చేసుకో అన్నడు."

"నన్నేమన్నా అన్నడా?"

"మస్తు అన్నడు. గవన్ని గిక్కడ చెప్పరాదు."

ఐలేశ్ తల దించుకున్నాడు. శ్వేత అతని నంబరు కొట్టి, ఏదో నొక్కబోయి ఆగింది.

"ఇది తీసేస్తే వీడియో కాల్ ఎట్ల చెయ్యాలె మరి?"

"ఎవలకు?"

"మీ అవ్వకు. నా దెబ్బ గురించి అడిగింది ఆమె ఒక్కతే. చెయ్యి మానిందని చూపియ్యొద్దా? ఆమెకు ఫోన్ ఉన్నదా?"

"లేదు. నా ఫోన్లనే మాట్లాడాలె."

"అయితే గా ఫోన్ల నెట్ ఉండాలె గదా?"

ఐలేశ్‌కు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అయ్యాక ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "అంటే... నా మీద కోపం పోయిందా?"

"పోలే. మర్చిపోలే గూడ. యాదికొచ్చినప్పుడల్ల తిడత. పడతవా?"

"పడత."

ఆ తర్వాత సాయంత్రాలు కట్టమ్మకు ఫోన్ వచ్చేది. ఆమె ముందు చెయ్యి చూపించమనేది, తర్వాత ఏం కూర వండావని అడిగేది, ఆ తర్వాత "పొయ్యి మీద పాలున్నయి," అని ఫోన్ కొడుకు చేతిలో పెట్టి వెళ్లిపోయేది. పొయ్యి మీద పాలు ఏనాడూ లేవు.

మొదట్లో ఐలేశ్ "ఊఁ", "ఆఁ" తప్ప మాట్లాడేవాడు కాదు. శ్వేత ఏడిపించేది. "వేరేటోళ్లను మంచిగనే తీస్తవ్ గదా, గిప్పుడేంది కెమెరా ముందల గిట్ల ముడుసుకున్నవ్?" యాదికొచ్చినప్పుడు నిజంగానే తిట్టేది కూడా. ఒకరోజు తిట్టి తిట్టి, నడుమ ఆగి, "నిన్ను తిట్టకుంటే నాకు తోస్తలేదు. గిదేం రోగం?" అంది.

"నాకూ గదే రోగం. నువ్వు తిట్టకపోతే తోస్తలేదు," అన్నాడు ఐలేశ్. "శ్వేతా, నువ్వంటే నాకిష్టం. చెప్పెటందుకు నాకు హక్కు లేదని ఎరుక."

అవతల వాన చప్పుడు నడుమ కిటికీ మూసింది శ్వేత.

"ఐతారం మా బాపు జనగామకు వస్తుండు," అంది. "నువ్వూ రా. ఆయనకు అంత చెప్పు. నాకు చెప్పిందంత."

ఆ ఆదివారం జనగామ స్టేషన్‌లో ప్లాట్‌ఫాం బెంచీ మీద శ్వేత తండ్రి సోమనర్సయ్య కూర్చున్నాడు. పక్కన గార్ల నుంచి తెచ్చిన సంచి. "చాయ్ తెస్త," అని శ్వేత కావాలనే దూరంగా వెళ్లింది. ఐలేశ్ నిలబడే మొత్తం చెప్పాడు. నవ్వడం, పాట పెట్టడం, పేరు పెట్టడం. చివరికి ఆ మాట కూడా చెప్పాడు. "ఒక్కసారి పడ్డంక ఆపలే మామా. మళ్ల పడతదేమో అని ఆగిన."

"గీ మాట నీ వీడియోల చెప్పలే నువ్వు."

"చెప్పలే. సిగ్గయింది."

"గిప్పుడు?"

"గిప్పుడు ఇంకెక్కువయితుంది."

సోమనర్సయ్య పట్టాల వైపు చూశాడు. ఒక గూడ్సుబండి వచ్చింది. అది పూర్తిగా దాటిపోయాక ఇటు తిరిగాడు.

"నేను గూడ గా వీడియో చూసి, బిడ్డకు దెబ్బ తాకిందా అని అడగలే," అన్నాడు మెల్లగా. "నా ఇజ్జతే యాదికొచ్చింది. ఇంటికి రా అని గుస్సా చేసిన. చెయ్యి బెణికిందని నీ వీడియో చూస్తేనే తెలిసింది నాకు. తండ్రినయ్యి గూడ."

ఆయన సంచి జరిపి, బెంచీ మీద చోటు చూపించాడు.

"కూసో. ఎంతసేపు నిలబడతవ్. వచ్చే ఐతారం మీ అవ్వను తోల్కొని గార్లకు రా. పెద్దోళ్లం మేం మాట్లాడుకుంటం."

ఐలేశ్ బెంచీ అంచున కూర్చున్నాడు. అవతలి నుంచి శ్వేత మూడు చాయ్ గ్లాసులు రెండు చేతుల్లో ఇరికించుకుని, వేళ్లు కాలుతుంటే అడుగులు తడబడుతూ వస్తోంది. తండ్రి ముఖం చూసింది, ఐలేశ్ పక్కన కూర్చుని ఉండటం చూసింది. ఆమెకు సంగతి తెలిసిపోయింది.

"ఇగో, నిన్నే!" అని కేకేసింది. "చూసుకుంట కూసున్నవ్, వచ్చి పట్టుకోరాదు?"

వాళ్ల వైపు ఆడవాళ్లు ఇంటాయన్ని పిలిచే పిలుపు అది. నోరు జారాక గాని ఆమెకు తెలియలేదు. ప్లాట్‌ఫాం మధ్యలో, ముఖమంతా ఎర్రబడి, గ్లాసులతో అలాగే నిలబడిపోయింది.

సోమనర్సయ్య నవ్వు దాచుకుంటూ ముఖం అటు తిప్పుకున్నాడు. ఐలేశ్ అప్పటికే లేచి ఆమె దగ్గరికి ఉరుకుతున్నాడు.