నాయనమ్మ కుర్చీ

ఆ ఆదివారం ఉదయం జాక్సన్‌కి ఉన్నది ఒకటే పని. చర్చిలో గుమ్మం పక్కన నాయనమ్మ కోసం ఒక ప్లాస్టిక్ కుర్చీ పట్టి ఉంచాలి.

కూర్మన్నపాలెంలోని ఆ చిన్న చర్చిలో అందరూ చాపల మీదే కూర్చుంటారు. కుర్చీలు కొన్నే ఉంటాయి. తుంటి ఎముక విరిగినప్పటి నుంచి నాయనమ్మ జయమణి కింద కూర్చోలేకపోతోంది. నెలల తర్వాత ఇవాళే మళ్ళీ మందిరానికి వస్తోంది. స్టీల్‌ప్లాంట్ డ్యూటీకి వెళ్తూ నాన్న మరీ మరీ చెప్పాడు.

"కుర్చీ వదిలీకురా. నాయనమ్మ ఆటోలో వస్తాది."

జాక్సన్ కుర్చీ వేసి, కాసేపు బుద్ధిగానే పక్కన నిలబడ్డాడు. ఇంతలో ముందు వరుసలోంచి స్నేహితుడు స్టీఫెన్ కంజీర ఊపి చూపించాడు.

"రారా, ఈ పాటకి నువ్వు కొట్టు."

ఆ కంజీర మీద మనవాడికి ఎప్పటి నుంచో కన్ను. ఇంకేముంది, పరుగెత్తాడు.

పాట సగంలో తలెత్తి చూశాడు. గుమ్మంలో నాయనమ్మ నిలబడి ఉంది, తెల్లచీర కొంగు తల మీద కప్పుకుని, చేతికర్ర పట్టుకుని. కుర్చీ మాత్రం లేదు. ఎవరో తీసుకున్నారు. అయినా చేతులు ఆగలేదు. ఈ పాట అయ్యాక వెళ్దాంలే అనుకున్నాడు.

పాట అయ్యాక చూస్తే ఆవిడ లేదు.

ఇంటికి వెళ్ళేసరికి నాయనమ్మ చీరైనా మార్చుకోకుండా మంచం మీద కూర్చుని ఉంది.

"నాయనమ్మా, కుర్చీ వదిలేసి ఎల్లిపోయింది నానే."

"సూసాన్రా." ఆ గొంతులో కోపం లేదు. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది వాడికి.

"ఇంట్లో కూడా దేవుడుంటాడు కదా?"

"ఉంటాడు. గానీ అందరూ పాడతంటే ఆళ్ళ మద్దిన కూకున్నాననుకో, ఆయన నా పక్కనే కూకున్నట్టుంటాది. దానికోసరమే ఇన్నాళ్ళూ ఎదురుసూసాను." నాయనమ్మ తుంటి రాసుకుంది. "ఇంక రాన్లే నాన్నా. నిలబడ్లేను."

జాక్సన్‌కి ఆ రోజు అన్నం సహించలేదు.

మరుసటి ఆదివారం ఎంత బతిమాలినా నాయనమ్మ కదల్లేదు. జాక్సన్ ఇంట్లోని కుర్చీ నెత్తిన పెట్టుకుని చర్చికి మోసుకెళ్ళాడు. గుమ్మం పక్కన వేసి, దాన్ని ఆనుకుని చాప మీద కూర్చున్నాడు.

"మీ నాయనమ్మ వస్తాదేటి?" అడిగింది పక్కింటి కేథరిన్ ఆంటీ.

"రానంది ఆంటీ. మనసు మారి వస్తే, కుర్చీ ఉండాలి కదా."

పాట మొదలైంది. ముందు నుంచి స్టీఫెన్ కంజీర చూపించాడు. జాక్సన్ తల అడ్డంగా ఊపి, గుమ్మం వైపు తిరిగి కూర్చున్నాడు.