ఓడ మనిషి దాహం

ఉత్తర ధ్రువపు మంచులో ఇరుక్కున్న ‘సెరాఫీనా’ ఓడను విడిచి ఒక్క నావికుడూ బయట అడుగు పెట్టలేదనీ, అందరూ అందులోనే ఆకలికి అసువులు బాశారనీ లండన్ పత్రికలు తీర్పు చెప్పాయి. ఆ తీర్పరులెవరూ ఓడను కంటితో చూడలేదు. ఆ మంచుసీమ ఇల్లాలు నివియాక్ చూసింది.

1852 చలికాలం. సూర్యుడు మొహం చాటేసి నెల దాటింది. మంచు కింది సముద్రంలో వేటకు ఒక్క సీల్ జంతువు కూడా చిక్కలేదు. రెండేళ్ల కూతురు ఇలాక్ ఆకలికి ఏడవడం కూడా మానేసింది. బిడ్డను వీపున మోసుకుని నివియాక్, భర్త ఉక్పిక్‌తో కలిసి తిండి కోసం ఆ ఓడలోకి దిగింది.

లోపల పాత తారు వాసన, తుప్పు వాసన. డబ్బాలన్నీ ఖాళీ. మూలన ఒక భారీ మనిషి, నోరు తెరిచి గడ్డకట్టి ఉన్నాడు.

ఆమె చేయి దానంతటదే రొమ్ముల దగ్గర వెచ్చగా దాచిన నీళ్లతిత్తి మీదికి పోయింది. వేటలో చచ్చిన సీల్ నోట్లో ఇల్లాలు మంచినీళ్లు పోయాలి. దాహం తీర్చిన ఇంటికే అది మళ్లీ వస్తుందని వాళ్ల నమ్మకం. బుద్ధెరిగిన నాటి నుంచి చేస్తున్న పని. తెరిచిన నోరు కనబడగానే పోసేసింది.

“అదేం పనే? వాడేమన్నా సీలా?” ఉక్పిక్ గుసగుసగా అన్నాడు.

“నువ్వు సీల్ తెచ్చి ఎన్నాళ్లయిందయ్యా? చేతికి అలవాటు తప్పకూడదని పోశాలే.”

అతను నవ్వబోయాడు. అప్పుడే ఆ గడ్డకట్టిన గొంతు... గుటక వేసింది.

సగం రోజు దారి పడుతూ లేస్తూ పరుగెత్తి వచ్చి తమ మంచుగుడిసెలో దూరారు. గుమ్మానికి మంచుదిమ్మ అడ్డం పెట్టారు. దీపంలో ఆఖరి కొవ్వు ముక్క. దాని సెగకు రాతికుండలో కరిగింది ఒక్క గుక్కెడు నీళ్లే.

బయట మంచు కిర్రుమంది. ఆగింది. మళ్లీ... ఈసారి గుమ్మం దగ్గర.

“పొయ్యకే. మళ్లీ పోస్తే మళ్లీ వస్తాడు.”

“పొయ్యకపోతే పోతాడా?”

ఇలాక్ పెదవులు పగిలి ఉన్నాయి. నివియాక్ ఆ నీళ్లు బిడ్డ నోట్లోనే పోసింది. బిడ్డ గొంతు కదల్లేదు. నోట్లో నీళ్లు మాత్రం తరిగిపోతున్నాయి...

గుటక చప్పుడు గోడ అవతల వినబడింది.

ఉక్పిక్ వెనక గోడ కోశాడు. ఇల్లాలికి ప్రాణంతో సమానమైన దీపాన్ని కూడా వదిలేసి, బిడ్డతో దక్షిణాన బంధువుల దగ్గరికి పారిపోయారు. ఇలాక్ బతికింది. ఎంత ఆడినా ఏనాడూ దాహమనలేదు. తాగించిన నీళ్లు గొంతు కదలకుండానే మాయమయ్యేవి.

1860 జూలై 9న గాలింపు బృందానికి, ఓడకు సగం రోజు నడక దూరంలో, నివియాక్ వదిలిన దీపం పక్కన, ‘సెరాఫీనా’ పేరు చెక్కిన బొత్తాల కోటులో ఒక అస్థిపంజరం దొరికింది. ఓడ దిగినవాడు ఒకడున్నాడు. ఎవరైనా ఓడ దిగారా అన్న వివాదం అక్కడితో ముగిసింది.

దీపం ఆరి ఎనిమిదేళ్లు. పుర్రె దవడల నుంచి కారుతున్న నీళ్లు ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి.